సొన్నమ్మ దాచుకున్న సవరం

పరాయి వెంట్రుక వేళ్ళకు తగిలితే సొన్నమ్మకు ఇట్టే తెలిసిపోతుంది. తలలో పుట్టిన జుట్టు కుదుళ్ళ దగ్గర వెచ్చగా ఉంటుంది. అతికించినది ఎంత దువ్వినా చల్లగానే ఉంటుంది. రంగు వేసిన జుట్టు ఎండుగడ్డిలా గరగరలాడుతుంది. "నాది మొత్తం సొంత జుట్టే ఆంటీ" అంటూ కుర్చీలో కూర్చునే పిల్లల్ని ఆమె కాదని ఏమీ అనదు. చిక్కు తీస్తూ తీస్తూ చెవి వెనక చెయ్యి పెట్టి చూసుకుంటుంది. మనుషుల మాట మీద కంటే తన వేళ్ళ మీదే ఆమెకు నమ్మకం.

ఆమె ఇల్లు బొమ్మనహళ్ళిలో, బట్టల ఫ్యాక్టరీల వెనక సందులో. ఒక గది, ఒక వంటిల్లు, ముందర నాలుగు కుర్చీలు పట్టే వసారా. పాతికేళ్ళ కిందట మాలూరు పక్క పల్లె నుంచి పెళ్ళి చేసుకుని ఈ ఇంటికే వచ్చింది. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. భర్త దేవరాజ్ ఫ్యాక్టరీలో ఇస్త్రీ సెక్షన్లో పనిచేస్తాడు. ఆమె పని ఇల్లే. జడలు వేయడం ఆమె ఎక్కడా నేర్చుకోలేదు. కూతురు చిన్నికి స్కూల్లో డాన్సు ఉన్నప్పుడల్లా వేసేది. ఆ జడలు చూసి సందులో ఆడపిల్లలు వచ్చారు, వాళ్ళను చూసి వీధి చివరి పీజీ హాస్టల్లో ఉండే ఆఫీసు పిల్లలు వచ్చారు. దసరా మొదలుకుని దీపావళి దాకా, మళ్ళీ ఉగాదికి, వసారాలో కుర్చీ ఖాళీగా ఉండేది కాదు.

పిల్లలు ఫోన్లో బొమ్మలు చూపించి ఇట్లా కావాలంటారు. సొన్నమ్మ ఫోను దగ్గరికి తీసుకుని అనుమానంగా చూస్తుంది. ఫోటో ముందు వైపు నుంచి తీశారు కదా, వెనక ఎన్ని పిన్నులు గుచ్చారో, ఎంత జుట్టు అరువు తెచ్చి పెట్టారో ఎవరికి తెలుసు? బొమ్మ పక్కన పెట్టి, ఆ తలకు ఏది నిలుస్తుందో అదే వేస్తుంది. తలంటుకున్న పూట జడ జారిపోతుంది కాబట్టి ముందురోజే తలంటుకుని రమ్మంటుంది. చుడీదారు వేసుకునే పిల్లకయితే రెండు చెవుల పక్కనుంచి రెండు పాయలు తీసి, మెలిపెట్టి, వెనక కలిపి ఒక పిన్ను పెట్టి, మిగతా జుట్టు వదిలేస్తుంది. అయిదు నిమిషాల పని. జుట్టు అలలు అలలుగా కావాలంటే తడిజుట్టుకు నాలుగు సన్నజడలు వేసుకుని పడుకోమని, పొద్దున విప్పి వేళ్ళతో విదిలించమని చెబుతుంది. దువ్వెన తగిలిందా, అంతా పోయినట్టే. చీరకు కొప్పు కావాలని, తలలో జుట్టేమో బెత్తెడు ఉన్న పిల్లలకు పాత నల్ల సాక్సు తెచ్చుకోమంటుంది. వేళ్ళ వైపు కత్తిరించి, చుట్టలా చుట్టి, పోనీటెయిలులోకి దూర్చి, దాని మీద జుట్టు పరిచి పిన్నులు పెడితే పిడికిలంత కొప్పు. పైన కనకాంబరాలు చుడితే సాక్సు సంగతి కట్టుకున్నవాడికి కూడా తెలియదు.

మూడేళ్ళ కిందట వానాకాలంలో చిన్ని పోయింది. డెంగీ. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ముందురోజు సాయంత్రం నర్సమ్మ, "ఏం కాదమ్మా, రేపు వార్డుకు మార్చేస్తాం" అంది. అప్పటినుంచి సొన్నమ్మకు ఎవరేం చెప్పినా మనసు పట్టదు. పాలవాడు పాలు కాచి చూసుకోమన్నా, గ్యాసు మనిషి సీలు చూసుకోమన్నా, ఆమె వాళ్ళ ముఖాల్లోకే చూస్తుంది. తలుపు గొళ్ళెం పెట్టి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూస్తుంది. ఏడవడం ఎవరూ చూడలేదు. ఈ అనుమానాలు మాత్రం సందులో అందరూ చూశారు.

ఆమె దగ్గర సవరాలు మూడు ఉండేవి. ఆ సందులో అందరూ కన్నడ మాటతో చౌరి అంటారు. ఊడిన జుట్టునో కొన్న జుట్టునో ఒకచోట చేర్చి, కొస దగ్గర నల్లదారంతో బిగించి కట్టి, పొట్టి జడకు కలిపి అల్లుకునేది. రెండు సవరాలు బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. పండగలకు వచ్చే పిల్లలకు అవి పెట్టేది, తిరిగి తెచ్చిచ్చాక కడిగి ఆరేసేది. మూడోది బీరువాలో, తెల్ల దిండుగలీబులో ఉండేది. అది చిన్ని జుట్టు. పదో తరగతి నుంచీ దువ్వెనకు వచ్చిన ప్రతి వెంట్రుకా వేలికి చుట్టి దాచిపెడితే, పక్కవీధి కెంపమ్మ కూర్చుని కట్టి ఇచ్చింది. నీడలో నలుపు, ఎండలో కొంచెం ఎరుపు, కొసలు తిరిగిన జుట్టు. చిన్ని ఉన్నప్పుడు పెద్ద జడకు తోడు పెట్టుకోవాలని కట్టించారు. ఒక్కసారి పెట్టుకుందో లేదో.

దాన్ని సొన్నమ్మ ఎవరికీ ఇవ్వదు. శుక్రవారం పూట బయటికి తీసి, కొబ్బరినూనె చుక్క అరచేతిలో రుద్ది, కొసల నుంచి పైకి దువ్వి, కిటికీ పక్క మేకుకు కాసేపు తగిలిస్తుంది. వాడని సవరం చిక్కుపడుతుంది. అది ఆమె చెప్పే కారణం.

దీపావళికి ముందు శుక్రవారం పొద్దున ఆరున్నరకు పీజీ నుంచి ముగ్గురు పిల్లలు వచ్చారు. ఆఫీసులో పండగ పార్టీ, చీరలు కట్టుకుని రావాలట. ఒకామెది హాసన్, ఒకామెది గుంటూరు, మూడో పిల్ల సమీనా, నిజామాబాదు నుంచి వచ్చింది. వసారాలో ఈదురుగాలి కొడుతోందని సొన్నమ్మ వాళ్ళను గదిలోనే కూర్చోబెట్టింది. దేవరాజ్ డ్యూటీకి తయారవుతున్నాడు. అద్దం అటు ఇటు జరుపుతూ, పూలు తుంచుతూ, పిన్నులు వెతుకుతూ గంటన్నర పట్టింది. మధ్యలో సమీనా మేకుకు వేలాడుతున్న సవరం దగ్గరికి వెళ్ళి, ఎవరి జుట్టు ఆంటీ ఇది, ఎంత మెత్తగా ఉంది, అని అడిగి ముట్టుకుంది.  సొన్నమ్మ ముట్టుకోవద్దని అనబోయి మానుకుంది.

పిల్లలు వెళ్ళిపోయారు. దేవరాజ్ క్యారియరు తీసుకుని వెళ్ళిపోయాడు. సొన్నమ్మ గది ఊడ్చి, రాలిన వెంట్రుకలు ఎత్తి, మేకు వైపు చూసింది. మేకు ఉంది. సవరం లేదు.

మంచం కింద చూసింది. కిటికీ బయట చూసింది. చెత్తబుట్ట వార్తాపత్రిక మీద కుమ్మరించి వేళ్ళతో వెతికింది. బీరువాలో బట్టలన్నీ తీసి దులిపింది. మధ్యాహ్నానికి ఇల్లంతా తలకిందులయింది, ఆమె మనసు మాత్రం ఒక్కచోటే నిలిచింది. ముట్టుకున్నది ఎవరు? సమీనా. తలలో జుట్టు పలుచన ఎవరికి? సమీనాకి. పెద్ద సంచి తెచ్చుకున్నది ఎవరు? అదీ ఆ పిల్లే, చీర మార్చుకోవడానికి. ఒక్కొక్కటీ గుర్తుకొస్తున్న కొద్దీ అన్నీ అటే వేలు చూపాయి. పోయేటప్పుడు "థాంక్యూ ఆంటీ" అని రెండుసార్లు చెప్పింది కూడా. ఒకసారి చాలదా?

ఎదురింటి ఆశ చిన్నితో చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఫ్యాక్టరీలో కుట్టు లైన్లో ఉంది. సాయంత్రం రాగానే సొన్నమ్మ ఆమెను పిలిచి, సమీనాకు ఫోన్లో రాయమంది. ఆశ చదివింది కన్నడంలో. తెలుగు మాట్లాడుతుంది, రాయడం రాదు. ఇంగ్లీషు అక్షరాలు పెట్టి రాస్తానంది.

"ఎట్లయినా రాయి. మా చౌరి నీ దగ్గర ఉండాదా అని రాయి. ఉంటే తెచ్చియ్యమ్మా, నేనేమీ అనను అని రాయి."

"ఆయమ్మే తీసుకునిందని ఎట్ల చెప్తారు అత్తా?"

"అడుగుతాండాను అంతే. అడిగేదానికేమి?"

ఆశ రాసి పంపింది. కాసేపటికి రెండు గీతలు నీలంగా మారాయి, అంటే చదివిందని ఆశ చెప్పింది. జవాబు రాలేదు. మరునాడు చూస్తే సమీనా ఫోటో ఉండే గుండ్రటి చోట బూడిదరంగు బొమ్మ మిగిలింది. మనల్ని బ్లాక్ చేసింది అత్తా, అంది ఆశ. సొన్నమ్మ తల ఊపింది. తీసుకోనిదైతే తీసుకోలేదని రాస్తుంది కదా. తలుపు మూసుకోవలసిన పని ఏమొచ్చింది?

ఆ వారమంతా ఆమె పీజీ ఎదుట నుంచే కూరగాయలకు వెళ్ళింది. అటువైపు దారి ఎక్కువ. సమీనా ఆఫీసు క్యాబు ఎక్కేటప్పుడు జడ ఎంత పొడవుందో చూసింది. మేడమీద తీగకు ఆరేసిన బట్టల్లో నల్లగా ఏదైనా వేలాడుతోందా అని చూసింది. ఒకరోజు సమీనా ఆమెను చూసి, చూడనట్టు తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనం దగ్గర సొన్నమ్మ ఈ సంగతి భర్తకు చెప్పింది. దేవరాజ్ అన్నం కలుపుతూనే, పోనీలే, వెంట్రుకల కోసం ఎవరితోనో తగువు ఏల పెట్టుకునేది, అన్నాడు. వెంట్రుకలు అన్నందుకు ఆమె అతనితో రెండు రోజులు మాట్లాడలేదు.

పండగ వెళ్ళిన ఆదివారం పీజీలో పార్టీ పెట్టారు. పీజీ నడిపే సత్యభామ నెల్లూరు మనిషి, నోరు గట్టిది, మనసు మెత్తన. పిల్లలకు జడలు వేసి పెట్టమని సొన్నమ్మను పిలిపించింది. సొన్నమ్మ పిన్నుల డబ్బా, దువ్వెనలు, మూరలుగా కట్టిన కనకాంబరాలు తీసుకుని మధ్యాహ్నం మూడుకే వెళ్ళింది. మామూలుగా అయితే అంత తొందరపడదు.

మేడమీద రంగు కాగితాలు కట్టారు. పిల్లలు వరసలో కూర్చున్నారు. ఒకరికి నాలుగు పాయల జడ, ఒకరికి పక్కకు వాల్చిన ముడి, ఇంకొకరికి నడినెత్తి నుంచి పూసలు గుచ్చిన జడ. సొన్నమ్మ చేతులు పనిలో ఉన్నాయి, కళ్ళు మెట్ల మీద ఉన్నాయి. నాలుగింటికి సమీనా వచ్చింది. ఆకుపచ్చ చీర. ఈ కుర్చీ దగ్గరికి రాకుండా అవతలి గోడ దగ్గర నిలబడింది. తల ముందే దువ్వుకుని వచ్చింది. కొప్పు పెట్టుకుంది.

ఆ కొప్పు చూసి సొన్నమ్మ చేతిలో దువ్వెన ఆగింది. తాను స్వయంగా దువ్విన తల అది. ఒక చేతి వేళ్ళలో ఇమిడే జుట్టు. దానికి అంత కొప్పు ఎక్కడిది? ఎండ పడి అంచులు కాస్త ఎర్రగా కూడా కనిపించాయి. అవును, ఎర్రగానే ఉన్నాయి.

ఆమె చేతిలోని జడ సగంలో వదిలేసి లేచింది. సమీనా వెనక్కి వెళ్ళి, "పిన్ను జారిపోతాంది, ఉండు తల్లీ, సరి చేస్తా" అంటూనే రెండు పిన్నులు లాగేసింది. మూడోది కూడా లాగింది. కొప్పు విడిపోయి సన్నటి జుట్టు మెడ మీద పడింది. లోపలి నుంచి నల్లటి చుట్ట ఒకటి కిందపడి, దొర్లుకుంటూ పోయి నీళ్ళ తొట్టికి తగిలి ఆగింది. సాక్సు. వేళ్ళ వైపు కత్తిరించి, చుట్టి, లోపల దారంతో పదిలంగా కుట్టిన పాత సాక్సు.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

సమీనా వంగి తీసుకోలేదు. వెనక్కి తిరిగి, మెల్లగా అడిగింది. "దొరికిందా ఆంటీ?"

సొన్నమ్మ కింద పడిన సాక్సు వైపే చూసింది.

"మీరే నేర్పిన్రు కదా. సాక్సు కట్ చేసి పెట్టుకోమని మీరే చెప్పిన్రు. అది కూడా చోరీ చేసిందే అనుకున్నరా?"

"చౌరి పోయిందని అడిగినా తల్లీ..."

"అదే అంటున్న. మా ఇంట్ల ఉర్దూ మాట్లాడ్తం ఆంటీ. చోరీ అంటే దొంగతనం అని నాకు తెల్వదా? మా చోరీ నీ దగ్గర ఉన్నదా, ఉంటే తెచ్చియ్యి, నేనేమీ అనను. ఎంత మంచిగ రాసిన్రు."

సత్యభామ సమీనా చేతిలోని ఫోను అందుకుని ఆ మెసేజు పైకి చదివింది. ఆశ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టింది చదివితే చోరి అనే వస్తోంది. సత్యభామ నెత్తి కొట్టుకుంది. "ఓసి పిచ్చి తల్లీ, చౌరి అంటే ఈడ సవరమే. జడకి పెట్టుకునేది. నేనొచ్చిన కొత్తలో నాకూ తెలవలా. అదా సంగతి, దీనికి మాటలు మానుకున్నారా ఇద్దరూ?"

పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి వదిలి నవ్వారు. సొన్నమ్మ కూడా నవ్వబోయింది. సమీనా నవ్వలేదు.

"సరే. మాట తప్పు చదివిన. సవరం అనే అనుకుందాం. ఆ రోజు మేం ముగ్గురం వచ్చినం ఆంటీ. మెసేజ్ నాకొక్కదానికే ఎందుకొచ్చింది?"

సత్యభామ ఫోను సమీనా చేతిలో పెట్టేసింది. హాసన్ పిల్ల, గుంటూరు పిల్ల అక్కడే ఉన్నారు. ఇద్దరూ కిందికి చూశారు. ఇన్ని రోజులూ ఆ ఇద్దరి సంచుల సంగతి తాను ఒక్కసారి కూడా ఆలోచించలేదని సొన్నమ్మకు అప్పుడు తట్టింది. గుంటూరు పిల్ల సంచి ఇంకా పెద్దది. ముట్టుకుంది కాబట్టి, జుట్టు పలుచన కాబట్టి, అని తనకు తాను చెప్పుకున్న కారణాలు నోటి దాకా వచ్చాయి. ఆ రెంటి కింద ఇంకొకటి ఉందని, అది పైకి చెప్పగలిగింది కాదని కూడా తెలిసి, నోరు మూసుకుంది.

సమీనా సాక్సు తీసుకుని దులిపింది. అద్దం లేకుండా, ఎవరి సాయం లేకుండా, నిలబడినచోటే కొప్పు చుట్టుకుంది. పిన్నులు సొన్నమ్మ చేతిలోనే ఉన్నాయి. చెయ్యి చాచి, మూడూ లెక్కగా తీసుకుంది.

ఇంటికి వస్తూ సొన్నమ్మ సిగ్గుతో చితికిపోయింది. అయినా సగం దారిలోనే మనసు మళ్ళీ మొదలుపెట్టింది. ఈ పిల్ల కాకపోతే గుంటూరు పిల్లా? హాసన్ పిల్లా? ఇంటి మెట్ల దగ్గర నిలబడి ఆ ఆలోచనను తిట్టుకుంది. అది పోలేదు.

దేవరాజ్ గుమ్మంలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఆమె చెప్పులు విప్పకుండానే జరిగింది చెప్పింది. పదిమందిలో పిల్ల తల విప్పేశానని, సాక్సు కింద పడిందని, మెసేజు తనొక్కదానికే ఎందుకొచ్చిందని ఆ పిల్ల అడిగిందని చెప్పింది. చెబుతూ అతని చేతులు చూసింది. ఒలిచిన పప్పు పొట్టులో వేస్తున్నాడు, పొట్టు గిన్నెలో వేస్తున్నాడు.

"ఆ పిల్ల తీసుకోలా," అన్నాడు.

"అదే కదా చెప్పేది. ఎవరు తీసుకున్నారో..."

"ఫ్యాక్టరీలో నా లాకర్లో ఉండాది."

ఆమె పిన్నుల డబ్బా కింద పెట్టింది.

అతను తల ఎత్తకుండా చెప్పాడు. చిన్నికి ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజు ఆస్పత్రి మెట్ల మీద నిలబడి మొక్కుకున్నాడట, బిడ్డ లేచి కూర్చుంటే చిక్కతిరుపతి వెంకటరమణుడికి దాని ముడి ఇప్పిస్తానని. వాళ్ళ వైపు దేవుడికి తల వెంట్రుకలు ఇవ్వడాన్ని ముడి ఇవ్వడం అంటారు. మరునాడు చిన్ని నిజంగానే లేచి కూర్చుంది. కాఫీ అడిగింది. తల దువ్వమంది. సొన్నమ్మే దువ్వింది, నొప్పి పుట్టకుండా, పైపైన. నర్సమ్మ ఏం కాదమ్మా అన్నది ఆ సాయంత్రమే. తెల్లారేసరికి పిల్ల లేదు.

"లేచి కూసునింది కదా సొన్నమ్మా. ఆయన మాట ఆయన నిలుపుకున్యాడు. నేను ఆ దినమే పోయి ఇస్తానని చెప్పివుంటే... వార్డుకు మార్చినాక చూద్దామనుకుంటి. ఒక్క దినం ఆగితి. దానికే తీసుకుపోయినాడు."

మూడేళ్ళుగా ఆ మనిషి అన్నం కలుపుతూ, ఇస్త్రీ పెట్టె లాగుతూ, ఈ మాట లోపల పెట్టుకుని తిరిగాడు. బిడ్డ తలది ఇంట్లో మిగిలింది ఆ సవరం ఒక్కటే. అడిగితే ఆమె ఇవ్వదని తెలుసు. ఆ శుక్రవారం పిల్లల హడావిడిలో తీసి క్యారియరు సంచిలో పెట్టుకున్నాడు. రెండు శనివారాలు సెలవు పెట్టి, చిక్కతిరుపతికి పోయే సర్జాపుర బస్సు ఆగే చోటు దాకా వెళ్ళి, బస్సును వదిలేసి వెనక్కి వచ్చాడు.

"దేంట్లో పెట్టినావు?" అని అడిగింది సొన్నమ్మ.

"ప్లాస్టిక్ కవర్లో."

"చిక్కుపడిపోయి ఉంటాది."

ఆమె చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. వంట చేసింది. ఇద్దరూ తిన్నారు. అతన్ని దొంగా అని అనాలనిపించింది. ఆ మాట ఇప్పటికే ఒకరికి ఇచ్చేసింది.

సోమవారం సాయంత్రం దేవరాజ్ సవరం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని తీసి చూసి, మళ్ళీ గలీబులో పెట్టి, చెప్పులు వేసుకోమని అతనితో అంది. ఇద్దరూ పీజీ గేటు దగ్గరికి వెళ్ళారు. సత్యభామ పిలిస్తే సమీనా వచ్చింది, గేటు లోపలే నిలబడింది. దేవరాజ్ చేతులు కట్టుకుని, తప్పు నాదమ్మా, అది పోయిన మా బిడ్డ జుట్టు, నేనే తీసినా, ఈమెకు తెలియదు, అని చెప్పాడు. సొన్నమ్మ తాను చెప్పాలనుకున్నవి దారంతా కూడబెట్టుకుని వచ్చింది. తీరా నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది.

"నీ తల మీద చెయ్యి ఏసిండకూడదు తల్లీ."

సమీనా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ బిడ్డదని నాకు తెల్వదు ఆంటీ. తెలిస్తే ముట్టుకోకపోదును." తరవాత అంది, "కానీ అంకుల్ చెప్తే నమ్మిన్రు. నన్నయితే అడగకుండనే విప్పిన్రు. అది నాకు యాదుంటది."

సొన్నమ్మ అవునన్నట్టు తల ఊపింది. కాదనడానికి ఏమీ లేదు. పెద్ద పండగకయినా వచ్చి జడ వేయించుకోమని అడగాలనుకుంది, అడగలేదు. పిల్ల లోపలికి వెళ్ళాక గేటు గడియ పడిన చప్పుడు విని వెనక్కి తిరిగింది.

ఇంటికి వచ్చాక దేవరాజ్ మంచం అంచున కూర్చుని, శనివారం పోదామా, అని అడిగాడు. ఇద్దరమూ పోయి ఇచ్చి వద్దాం, నాకు నిద్ర పట్టడం లేదు, అన్నాడు. సొన్నమ్మ సవరం ఒళ్ళో పెట్టుకుని కొసల నుంచి చిక్కు తీస్తోంది. పది రోజుల చిక్కు. ఒక్క వెంట్రుకా తెగకుండా తీయాలి.

"లేచి కూసోవల్లని మొక్కుకున్యావు. ఒక్క దినం కూసోబెట్టి, మాట తీరిపోయింది అనుకున్యాడా ఆయన?"

"అట్ల అనద్దు."

"అంటాను. నువ్వు బతకల్లని మొక్కుకోలా, కూసోవల్లని మొక్కుకున్యావు. ఆయన ఆ మాట పట్టుకున్యాడు. అట్ల మాట పట్టుకొని మోసం చేసేవాడికి నా బిడ్డ జుట్టు నేనియ్యను."

 మొక్కు తీర్చకపోతే ఎట్లా, అన్నాడు దేవరాజ్.

"మొక్కు నీది. నీకు తల ఉండాది, తలలో జుట్టూ ఉండాది. అది ఇయ్యి."

అతను చెయ్యెత్తి తన తల తడుముకున్నాడు. యాభై రెండేళ్ళకు ఇంకా ఒత్తుగానే ఉంది. దాన్ని చూసుకుని అతను కాస్త మురిసేవాడు కూడా. ఆమె నవ్వలేదు, అతనూ నవ్వలేదు, కానీ ఇద్దరి మధ్యా ఏదో కొంచెం సడలింది.

శనివారం పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని సొన్నమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుంది. సవరాన్ని ఇంట్లో వదిలి రావడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తాళం మీద నమ్మకం లేదు, ఎదురింటి ఆశ మీద నమ్మకం ఉంది గానీ ఆశ ఇంటికి వచ్చేపోయేవాళ్ళ మీద లేదు. బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ, సంచి కింద పెట్టుకో తల్లీ, బరువు కదా, అంటే ఇంకా గట్టిగా హత్తుకుంది.

చిక్కతిరుపతిలో శనివారం జనం కిక్కిరిసి ఉన్నారు. దేవరాజ్ చీటీ తీసుకుని ముడి తీసే చోటుకు వెళ్ళాడు. గంట తరవాత గుండుతో, నెత్తిన గంధంతో బయటికి వచ్చాడు. ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు. చెవులు పెద్దవయ్యాయి. చెవి వెనక కత్తి తగిలి చిన్న గాటు పడింది. ఆమె కొంగుతో అక్కడ అద్దింది.

"దర్శనం లైను కదులుతాంది. రా," అన్నాడు. "ఇంత దూరం వచ్చి వాకిట్లో నిలబడతావా? ఒక్కసారి చేతులెత్తి మొక్కి వస్తే చాలు."

"నువ్వు పో. నేను చెప్పుల దగ్గర ఉంటా."

"చెప్పులు ఎవరూ ఎత్తుకుపోరు సొన్నమ్మా."

"చెప్పుల కోసం కాదు." ఆమె సంచి జిప్పు ఇంకోసారి లాగి చూసుకుని, గుడి వైపు వీపు పెట్టి అరుగు మీద కూర్చుంది. "దీన్ని తీసుకొని లోపలికి రాను. ఆయన చూస్తే మళ్ళీ అడుగుతాడు."